నీట్ మాక్ మార్కులు ఒకేచోట ఆగిపోతే ఏం చేయాల: లాంగ్ టర్మ్ పిల్లోళ్ళకి స్టెప్ బై స్టెప్

జూన్, జులైలో లాంగ్ టర్మ్‌లో, అంటే ఇంటర్ అయిపోయినాక తీసుకునే ఏడాది నీట్ కోచింగ్‌లో, చేరినప్పుడు మాక్ టెస్టుల్లో 720కి 300 దగ్గర ఉంటాది స్కోరు. దసరాకి 400, దీపావళి దాటేసరికి 450, అందరూ హుషారుగా ఉంటారు. డిసెంబర్ నుంచి మొదలైతాది అసలు బాధ. 462, 475, 451, 470, 466. పొద్దున 5కే లేస్తాండారు, రాత్రి 11 దాకా కూర్చుంటాండారు, కానీ ఆ నంబర్ మాత్రం యాడికీ కదలదు. ఆదోని, పత్తికొండ, ఎమ్మిగనూరు నుంచి వచ్చి కర్నూల్లో హాస్టల్లో ఉండి చదివే పిల్లోళ్ళకి ఇది ఇంకా కష్టం, ఎందుకంటే ప్రతి ఆదివారం ఇంటి నుంచి ఫోన్ వస్తాది, మొదటి ప్రశ్నే "ఎన్నొచ్చినాయి నాయనా?"

నేను కర్నూల్లోనే బైపీసీ పిల్లోళ్ళకి ఫిజిక్స్ చెప్తా. స్కోరు ఆగిపోయినప్పుడు నూటికి తొంభై మంది చేసే పని ఒకటే: ఇంకో రెండు గంటలు ఎక్కువ చదవడం, లేదా మొదటి చాప్టర్ నుంచి సిలబస్ మొత్తం మళ్ళీ మొదలుపెట్టడం. రెండూ పెద్దగా పనిచేయవు. నీ మార్కులు యాడ పోతాండాయో నీ పాత పేపర్లలోనే రాసి ఉంటాది, కానీ ఆ పేపర్లని ఎవరూ తెరవరు. కీ చూసి, టోటల్ చూసి, ఫ్రెండ్‌కి ఎంతొచ్చిందో చూసి పక్కన పడేస్తారు. కాబట్టి ఈ గైడ్ అంతా ఆ పేపర్ల చుట్టూనే తిరుగుతాది, కొత్త పుస్తకం కొనమని యాడా చెప్పను.

స్టెప్ 1: నిజంగా ఆగిపోయిందా, లేక నీకట్ల అనిపిస్తాందా?

ముందు ఇది తేల్చుకో. పోయిన వారం 475, ఈ వారం 451 అంటే "24 మార్కులు తగ్గిపోయినాయి సార్" అని ఏడుస్తారు. తగ్గలేదు. ఒక చిన్న లెక్క చూడు, కరెక్ట్‌కి ప్లస్ 4, తప్పుకి మైనస్ 1. ప్రతి పేపర్లో రెండు ఆప్షన్ల మధ్య కొట్టుకుని ఏదో ఒకటి పెట్టేవి 30 ప్రశ్నలు ఉన్నాయనుకో. సగం కరెక్ట్ అయితే 15 ఇంటూ 4, 60, అందులో 15 నెగెటివ్ పోతే 45 మార్కులు. ఒక వారం కలిసొచ్చి 18 కరెక్ట్ అయితే 72 మైనస్ 12, 60. ఇంకో వారం 12 మాత్రమే తగిలితే 48 మైనస్ 18, 30. నీ చదువులో ఇసుమంత కూడా తేడా లేకుండానే 30 మార్కులు అటూ ఇటూ ఊగింది. అందుకని ఒక్క టెస్ట్ చూసి సంబరపడొద్దు, ఒక్క టెస్ట్ చూసి కుంగిపోవద్దు. చివరి ఐదారు టెస్టుల సగటు తీయి, దాని ముందు ఐదారు టెస్టుల సగటుతో పోల్చు. ఆ రెండు సగటులూ దగ్గర దగ్గరగా ఉంటేనే ఆగిపోయినట్టు లెక్క.

ఇంకొకటి, పేపర్ కష్టం వారం వారం మారతాది. ఇది అసలు నీట్‌లోనే జరిగింది కదా. 2024లో 17 మందికి 720కి 720 వచ్చినాయి, 2025లో టాప్ స్కోరే 686, జనరల్ క్వాలిఫయింగ్ కటాఫ్ 162 నుంచి 144కి దిగింది. దేశం మొత్తం ఒక్క ఏడాదిలో తెలివి తక్కువ అయిపోలేదు, పేపర్ టైట్‌గా వచ్చింది, అంతే. కాబట్టి మార్కుతో పాటు బ్యాచ్‌లో నీ ర్యాంక్ ఎట్ల పోతాందో కూడా రాసుకో. మార్కు తగ్గి ర్యాంక్ పెరిగిందంటే నువ్వు ముందుకు పోతాండావని అర్థం. పోయినేడు కర్నూలు మెడికల్ కాలేజీలో లాస్ట్ సీటు ఎంతకి పోయిందో ఆ నంబర్ గోడ మీద రాసుకుని రోజూ చూసుకునేవాళ్ళు ఉంటారు. దాన్ని తుడిచేయి. ఆ నంబర్ ఈ ఏడాది పేపర్‌కి పనికి రాదు.

స్టెప్ 2: పేపర్‌ని పోస్ట్‌మార్టం చేయడం

ఇదే ముఖ్యం, దీనికే ఎక్కువ టైమ్ ఇవ్వాల. లాస్ట్ 3 పేపర్లు బయటికి తీయి. కొత్తగా టెస్ట్ రాయకుండా, ఉన్న పేపర్లతోనే మొదలుపెట్టు.

లెక్క కోసం ఒక పేపర్ అనుకుందాం, ఇట్లాంటివి ప్రతి బ్యాచ్‌లో కనపడతాయి. స్కోరు 468. కరెక్ట్ 127, తప్పు 40, వదిలేసినవి 13. బయాలజీలో 90కి 74 కరెక్ట్, 14 తప్పు, 2 వదిలేసినవి, అంటే 282 మార్కులు. కెమిస్ట్రీలో 45కి 29 కరెక్ట్, 13 తప్పు, 3 వదిలేసినవి, 103. ఫిజిక్స్‌లో 24 కరెక్ట్, 13 తప్పు, 8 వదిలేసినవి, 83. మొత్తం పోయినవి 252. అందులో వదిలేసినవాటి వల్ల పోయింది 52 మాత్రమే, తప్పుల వల్ల పోయింది 200, ఎందుకంటే ఒక్కో తప్పుకి రావాల్సిన 4 రాకపోగా ఉన్నదాంట్లో 1 కూడా పోతాది.

ఇప్పుడు ఆ 40 తప్పుల్ని ఒక్కొక్కటి పట్టుకుని ఇది ఎందుకు తప్పింది అని అడుగు. కీ చూసే ముందు ఒక పని చేయాల: ఆ ప్రశ్నని టైమ్ లేకుండా, గమ్మున కూర్చుని మళ్ళీ చేయి. ఇప్పుడు కరెక్ట్ వచ్చిందంటే నీకు తెలిసిందే, పరీక్షలో వేరే ఏదో జరిగింది. ఇప్పుడు కూడా రాలేదంటే నిజంగా తెలీదు. ఈ ఒక్క పని చేయకుండా నేరుగా సొల్యూషన్ చదివితే ప్రతిదీ "అబ్బా, ఇది నాకు తెలుసు, సిల్లీ మిస్టేక్" అనిపిస్తాది. సిల్లీ మిస్టేక్ అనే మాటని నా క్లాసులో వాడనీను, అది ఏ జబ్బుకైనా "ఒంట్లో బాగాలేదు" అని చెప్పినట్టు, దానికి మందు రాయలేం.

ప్రతి తప్పు పక్కన ఒక అక్షరం వేయి. "తె" అంటే అసలు తెలీదు. "క" అంటే చదివిందే కానీ రెండిటి మధ్య కన్ఫ్యూజ్ అయినా. "లె" అంటే లెక్కలోనో, ప్రశ్న చదవడంలోనో, బబ్లింగ్‌లోనో (ఆన్సర్ షీట్‌లో గుండ్రాలు నింపడంలో) తప్పినా. "టై" అంటే టైమ్ లేక చివర్లో గబగబా ఏదో పెట్టినా. మనం అనుకున్న పేపర్లో ఇట్ల తేలిందనుకో: తె 9, క 18, లె 9, టై 4.

దీన్ని ఒకసారి నిదానంగా చూడు. 40లో అసలు తెలీనివి 9. మిగిలిన 31 చదివినవే. ఈ పిల్లోడు సిలబస్ మొత్తం మళ్ళీ మొదటి నుంచి చదివితే ఎవరికి ఉపయోగం? ఆ 18 'క'ల్లో సగం సరి చేసుకున్నా 9 ఇంటూ 5, 45 మార్కులు. 'లె'ల్లో 6 ఆపగలిగితే ఇంకో 30. ఒక్క కొత్త చాప్టర్ ముట్టకుండా 468 కాస్తా 543. అన్నీ ఒకే వారంలో రావు, అది వేరే మాట, కానీ దారి ఏదో తెలిసింది కదా.

3 పేపర్లకి ఇట్ల చేసి టోటల్ వేసుకో. ఒక్కొక్కరిది ఒక్కోలా వస్తాది. 'తె' ఎక్కువ వచ్చినోడికి నిజంగానే చదవాల్సింది మిగిలుంది, వాడికి ఈ గైడ్ కంటే పుస్తకమే ముఖ్యం. 'టై' ఎక్కువ వచ్చినోళ్ళు కింద టైమ్ గురించి రాసింది ముందు చదవండి. ఎక్కువ మందికి మాత్రం 'క'నే పెద్దది.

ఒక ఉదాహరణ చెప్తా, తప్పులన్నీ ఒకటి కాదని తెలుస్తాది. తీగని 10 శాతం సాగదీస్తే నిరోధం ఎంత శాతం పెరుగుతాది? సాగదీస్తే పొడవు పెరుగుతాది, ఘనపరిమాణం మారదు కాబట్టి మందం తగ్గుతాది, నిరోధం పొడవు స్క్వేర్‌కి తగ్గట్టు పెరుగుతాది, 1.1 ఇంటూ 1.1 అంటే 1.21, ఆన్సర్ 21 శాతం. 10 అని పెట్టినోడు మందం తగ్గుతాదనే విషయమే మర్చిపోయినాడు, వాడికి కాన్సెప్ట్ కావాల. 20 అని పెట్టినోడికి కాన్సెప్ట్ తెలుసు, కానీ చిన్న చిన్న మార్పులకి వాడే షార్ట్‌కట్‌ని 10 శాతానికి వాడినాడు, ఆప్షన్లలో 20, 21 రెండూ ఉన్నాయని చూసుకోలేదు. రెండు తప్పులకీ పోయింది 5 మార్కులే, మందు మాత్రం వేరు వేరు.

స్టెప్ 3: గెస్ కొట్టాలా వద్దా, నీ లెక్క నువ్వే తీసుకో

"తెలీకపోతే వదిలేయ్, నెగెటివ్ ఉంది" అని అందరూ చెప్తారు. లెక్క ప్రకారం ఇది పూర్తిగా కరెక్ట్ కాదు. ప్లస్ 4, మైనస్ 1 ఉన్నప్పుడు 5 గెస్సుల్లో 1 తగిలితే నష్టం లేదు, లాభం లేదు. నాలుగు ఆప్షన్లలో ఒకటి ఖచ్చితంగా కాదని తీసేయగలిగితే సగటున ప్రశ్నకి 0.67 మార్కు వస్తాది, రెండు తీసేస్తే ఒకటిన్నర. అంటే రెండు ఆప్షన్ల మధ్య మిగిలినప్పుడు భయపడి వదిలేసేవాళ్ళు మార్కులు పారేసుకుంటాండారు.

కానీ దీంట్లో ఒక మెలిక ఉంది. పేపర్ సెట్ చేసేవాళ్ళు తప్పు ఆప్షన్లని ఊరికే పెట్టరు, నువ్వు యాడ తప్పు చేస్తావో ఊహించి అదే ఆన్సర్‌ని ఆప్షన్‌గా పెడతారు. అందుకే కొంతమంది గెస్సులు లాటరీ కంటే అధ్వానంగా వస్తాయి. నువ్వు ఏ రకమో తెలియాలంటే, వచ్చే 4 మాక్‌లలో ప్రశ్నల బుక్‌లెట్ మీద గుర్తులు పెట్టు: గ్యారంటీగా తెలిస్తే ఏమీ వద్దు, రెండిటి మధ్య ఉంటే చుక్క, గాల్లో కొట్టింది అయితే ప్రశ్నార్థకం. తర్వాత చుక్కల్లో ఎన్ని తగిలినాయి, ప్రశ్నార్థకాల్లో ఎన్ని తగిలినాయి అని సబ్జెక్ట్ వారీగా రాసుకో. చుక్కలు బయాలజీలో సగం పైన తగులుతూ ఫిజిక్స్‌లో నాలుగోవంతు కూడా తగలకపోతే, బయాలజీలో ధైర్యంగా పెట్టు, ఫిజిక్స్‌లో చేయి అదుపులో పెట్టుకో. ఇది నీ సొంత డేటా, పక్కనోడి సలహా కంటే దీన్నే నమ్ము.

గుర్తు పెట్టకుండా గ్యారంటీ అనుకున్నవి కూడా కొన్ని తప్పుతాయి చూడు, అవి అన్నిటికంటే విలువైనవి. నీకు తప్పుగా గట్టిగా గుర్తున్న విషయాలు అవి. వాటిని ఎర్ర పెన్నుతో రాసుకో.

స్టెప్ 4: బయాలజీ 280 దగ్గర ఎందుకు ఆగుతాది

ఎన్‌సీఈఆర్‌టీ (సీబీఎస్‌ఈ స్కూళ్ళలో వాడే టెక్స్ట్‌బుక్) ఐదుసార్లు చదివిన, ఆరుసార్లు చదివిన అని లెక్కలు చెప్తారు. చదివే కొద్దీ పేజీ బాగా పరిచయం అయిపోతాది, కళ్ళు పరిగెత్తుతాయి, అంతా వచ్చినట్టే ఉంటాది. పేజీ చూసి గుర్తుపట్టడం వేరు, పేజీ లేకుండా గుర్తు తెచ్చుకోవడం వేరు, పరీక్షలో రెండోదే కావాల. అందుకని ఇప్పటి నుంచి చదవడం ఆపి చెప్పడం మొదలుపెట్టు. ఒక టాపిక్ తీసుకో, పుస్తకం మూసేయి, తెల్ల కాగితం మీద గుర్తున్నదంతా రాయి, బొమ్మ ఉంటే గీసి పేర్లు పెట్టు. తర్వాత తెరిచి, రాయనిదీ తప్పు రాసిందీ ఎర్ర పెన్నుతో కలుపు. మొదటి రెండు రోజులు చానా చిరాకుగా ఉంటాది, సగం కూడా గుర్తు రాదు, గంటకి నాలుగు పేజీలు కూడా కావు. ఆ చిరాకు వస్తాందంటే పని జరుగుతాందని అర్థం, భయపడి మళ్ళీ హైలైటర్ పట్టుకోవద్దు.

'క' తప్పులకి ప్రత్యేకంగా ఒక పని ఉంది: జంటల పట్టిక. నిన్ను తికమక పెట్టేవి ఎప్పుడూ జంటగానే వస్తాయి, ఒక్కో జంటకి ఒకే ఒక్క తేడా లైన్ రాసుకో. తలసేమియా, సికిల్ సెల్ ఎనీమియా జంట తీసుకో. రెండూ హీమోగ్లోబిన్ జబ్బులే, రెండూ ఆటోసోమల్ రిసెసివ్వే, కానీ తలసేమియాలో గ్లోబిన్ తక్కువగా తయారవుతాది, అది పరిమాణం సమస్య, సికిల్ సెల్‌లో తయారైన గ్లోబిన్నే సరిగ్గా ఉండదు, అది నాణ్యత సమస్య. స్టేట్‌మెంట్ ప్రశ్నలో ఈ రెండు మాటలే తిప్పి పెడతారు. అట్లనే కణచక్రంలో ఎస్ దశ: డీఎన్ఏ రెట్టింపు అవుతాది, క్రోమోజోముల సంఖ్య మాత్రం మారదు. ఈ లైన్ చదవనోడు ఎవడూ ఉండడు, పరీక్షలో తప్పు పెట్టేవాళ్ళు మాత్రం చానామంది. నీ పట్టికలో ఇట్లాంటివి 60, 70 జంటలు చేరేసరికి బయాలజీ కదలడం మొదలైతాది.

తెలుగు అకాడమీ పుస్తకాలతో ఇంటర్ చదివి వచ్చినోళ్ళకి ఒక మాట. ఆ పుస్తకాలు మంచివే, కానీ నీట్ ప్రశ్న ఎన్‌సీఈఆర్‌టీ వాక్యం నుంచి, ఆ బొమ్మ కింద రాసిన క్యాప్షన్ నుంచి, ఆ టేబుల్ నుంచి వస్తాది. ఒకే విషయాన్ని రెండు పుస్తకాలు రెండు రకాల ఉదాహరణలతో చెప్తే ఎన్‌సీఈఆర్‌టీ ఉదాహరణ గుర్తుపెట్టుకో. తెలుగులో పేపర్ రాసేవాళ్ళకి బుక్‌లెట్‌లో ఇంగ్లీష్ కూడా ఉంటాది, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీష్‌లో ఉన్నదే ఫైనల్, కాబట్టి ప్రశ్న వింతగా అనిపించిన ప్రతిసారీ పక్కనున్న ఇంగ్లీష్ లైన్ చూసే అలవాటు మాక్‌లలోనే చేసుకో.

స్టెప్ 5: ఫిజిక్స్ రాదు అనుకుంటావు, రానిది లెక్కలు

ఇది నా సబ్జెక్ట్ కాబట్టి కొంచెం ఎక్కువ మాట్లాడతా, ఓపిక పట్టు.

బైపీసీ పిల్లోళ్ళు పదో తరగతితో లెక్కలకి దండం పెట్టేసి వస్తారు. తర్వాత ఫిజిక్స్ క్లాసులో వెక్టర్లు, లాగరిథమ్‌లు, డిఫరెన్షియేషన్ వస్తాయి, ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, పిల్లోడు ఫార్ములా బట్టీ పట్టి నెట్టుకొస్తాడు. ఫిజిక్స్ 80, 90 దాకా బట్టీతో వస్తాది. అక్కడ ఆగిపోతాది. ఎందుకంటే 2025 పేపర్‌లాంటిది వచ్చినప్పుడు ఫార్ములాలో నంబర్ పెట్టే ప్రశ్నలు తక్కువ, రెండు అడుగులు వేసే ప్రశ్నలు ఎక్కువ, రెండో అడుగులో లెక్క దగ్గర కాలు జారుతాది.

కాబట్టి ఒక రెండు వారాలు రోజుకి 40 నిమిషాలు ఉత్త లెక్కలే చేయి. గ్రాఫ్ చూసి వాలు, కింద వైశాల్యం చెప్పడం. ఒక బలాన్ని అడ్డంగా, నిలువుగా విడగొట్టడం, ఏ వైపు సైన్ వస్తాదో ఏ వైపు కాస్ వస్తాదో తడుముకోకుండా. సులువైన డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్, పవర్ రూల్ వరకు చాలు. పది ఘాతాలతో గుణకారం, భాగహారం. 37, 53 డిగ్రీల విలువలు. రూట్ 2 అంటే 1.41, రూట్ 3 అంటే 1.73, పై స్క్వేర్ దాదాపు 10. పరీక్షలో క్యాలిక్యులేటర్ ఉండదు, కాబట్టి ఇప్పుడు కూడా ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ముట్టొద్దు, ఇంటి దగ్గర ముట్టుకునేవాళ్ళే హాల్లో 'లె' తప్పులు ఎక్కువ చేస్తారు.

లెక్క మొదలుపెట్టే ముందు ఆప్షన్ల వైపు ఒకసారి చూడు. 2, 8, 15, 40 లాగా దూరం దూరంగా ఉంటే ఉజ్జాయింపు చాలు, 9.8 బదులు 10 వేసేయి. 1.21, 1.25 లాగా దగ్గరగా ఉంటే మాత్రం జాగ్రత్తగా చేయి. ఇంకా యూనిట్లు. సెంటీమీటర్లు మీటర్లుగా మార్చకుండా వచ్చే ఆన్సర్ కూడా ఆప్షన్లలో తయారుగా ఉంటాది.

చాప్టర్ల సంగతికొస్తే, టైమ్ తక్కువ ఉన్నప్పుడు రొటేషన్‌తో కుస్తీ పట్టి పరువు నిలబెట్టుకోవాల్సిన పని లేదు. సెమీకండక్టర్లు, డ్యూయల్ నేచర్, ఆటమ్స్, న్యూక్లియై, యూనిట్లు, కరెంట్ ఎలక్ట్రిసిటీ ఇవి ముందు గట్టి చేసుకో, వీటిల్లో పెట్టిన గంటకి మార్కు తొందరగా తిరిగొస్తాది. రొటేషన్, మ్యాగ్నెటిజం తర్వాత.

స్టెప్ 6: కెమిస్ట్రీ మూడు ముక్కలు

దీన్ని ఒక సబ్జెక్ట్‌గా చూడొద్దు. నీ పోస్ట్‌మార్టంలో ఫిజికల్, ఆర్గానిక్, ఇనార్గానిక్ విడివిడిగా లెక్కేస్తే సాధారణంగా ఒక ముక్క మాత్రమే బాగా కారుతూ ఉంటాది. ఫిజికల్‌లో అయితే పైన చెప్పిన లెక్కల పనే, దాంతో పాటు లాగ్ 2 అంటే 0.3010, లాగ్ 3 అంటే 0.4771 నోటికి రావాల. 2 × 10⁻³ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పీహెచ్ ఎంత అంటే 3 లోంచి 0.3 తీసేసి 2.7 అని పది సెకన్లలో రావాల. ఇనార్గానిక్‌లో ట్రెండ్ అందరికీ వస్తాది, అడిగేది ట్రెండ్ తప్పే చోట: ఎలక్ట్రాన్ గెయిన్ ఎంథాల్పీ ఫ్లోరిన్ కంటే క్లోరిన్‌కే ఎక్కువ నెగెటివ్, అయనైజేషన్ ఎంథాల్పీ ఆక్సిజన్ కంటే నైట్రోజన్‌కి ఎక్కువ. ఇవి కూడా జంటల పట్టికలోకే పోతాయి. ఆర్గానిక్‌లో రియాక్షన్ పేరు బట్టీ పట్టకుండా, ఈ పదార్థం నుంచి ఆ పదార్థానికి ఎట్ల పోవాలో బాణం గుర్తులతో కాగితం మీద రోజూ నాలుగు రాయి.

స్టెప్ 7: తప్పుల పుస్తకం, కానీ సొల్యూషన్లు ఎక్కించేది కాదు

చానామంది తప్పుల పుస్తకం పెడతారు. రంగు పెన్నులతో ప్రశ్న రాసి, సొల్యూషన్ మొత్తం ఎక్కించి, ఒక పేపర్‌కి ఆరు గంటలు పట్టి, నెలకి మానేస్తారు. అట్ల వద్దు. 100 పేజీల చిన్న నోట్‌బుక్, ఒక తప్పుకి రెండు లైన్లు. మొదటి లైన్లో పేపర్ తేదీ, ప్రశ్న నంబర్, ఆ అక్షరం. రెండో లైన్లో ఈసారి ఏం చూడాలో. "సాగదీస్తే మందం కూడా తగ్గుతాది" ఇంతే. సొల్యూషన్ రాయొద్దు, ఎందుకంటే ఆ ప్రశ్నని నువ్వు మళ్ళీ చేయాల.

మూడు రోజులకి ఒకసారి, పది రోజులకి ఒకసారి, నెలకి ఒకసారి ఆ ప్రశ్నల్ని కీ లేకుండా మళ్ళీ చేయి. మూడుసార్లూ కరెక్ట్ వస్తే కొట్టేయి. రాకపోతే మొదటి నుంచి. పాత ప్రశ్నే కదా, ఆన్సర్ గుర్తుంటాదిలే అనుకుంటావు, చేసి చూడు, పది రోజుల తర్వాత అదే తప్పు అదే చోట మళ్ళీ చేస్తావు.

స్టెప్ 8: వారం ఎట్ల నడపాల

స్కోరు ఆగిపోగానే మాక్‌లు పెంచేస్తారు, వారానికి మూడు, ఫోన్‌లో ఇంకో టెస్ట్ సిరీస్. మాక్ నీ స్థాయి చూపిస్తాది, పెంచదు. వారానికి ఒకటి చాలు, పరీక్షకి నెలన్నర ముందు రెండు. కాలేజీ వాళ్ళే వారానికి రెండు పెడితే తప్పించుకోలేవు, అప్పుడు ఒకదానికే పూర్తి పోస్ట్‌మార్టం చేయి, రెండోదానికి అక్షరాలు వేసి వదిలేయి. ఆదివారం టెస్ట్ ఉంటే ఆ సాయంత్రం ఏమీ చదవొద్దు, తప్పుల్ని టైమ్ లేకుండా మళ్ళీ చేయడం సోమవారం స్టడీ అవర్‌లో, నోట్‌బుక్ మంగళవారం, బుధ, గురు, శుక్రవారాలు ఆ నోట్‌బుక్ చెప్పిన టాపిక్‌లు. హాస్టల్ టైమ్‌టేబుల్ నీ చేతిలో ఉండదు, కానీ స్టడీ అవర్‌లో ఏ పుస్తకం తెరవాలో నీ చేతిలోనే ఉంటాది కదా.

టైమ్ సంగతి. 2025 నుంచి ఛాయిస్ లేదు, 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. బయాలజీ 50, కెమిస్ట్రీ 50, ఫిజిక్స్ 65, మిగిలిన 15 చుక్క పెట్టిన ప్రశ్నలకి అని మొదలుపెట్టి నీకు తగ్గట్టు మార్చుకో. ఏ ప్రశ్న దగ్గరైనా రెండు నిమిషాలు దాటితే వదిలి ముందుకు పోవాల, మొండికేసి కూర్చున్న ఒక్క ప్రశ్న చివర్లో మూడు సులువైనవి తినేస్తాది. 180 బబుల్స్ నింపడానికే దాదాపు పది నిమిషాలు పోతాది, దాన్ని చివరికి పెట్టుకోవద్దు, పేజీ అయిపోగానే ఆ పేజీవి నింపేయి. ఇంట్లో రాసే మాక్‌కి కూడా ఓఎంఆర్ షీట్ జిరాక్స్ తీసుకుని దాని మీదే రాయి.

నీట్ మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు, అదీ మే నెలలో. మన కర్నూల్లో ఏప్రిల్, మేలో 42, 43 డిగ్రీలు మామూలే, అన్నం తిని కూర్చుంటే కళ్ళు మూసుకుపోయే టైమ్ అది. పొద్దున 9 గంటలకి చల్లగా రాసిన మాక్‌లో వచ్చిన స్కోరు మధ్యాహ్నం రాకపోవచ్చు. ఫిబ్రవరి నుంచి నీ చేతిలో ఉన్న మాక్‌లు 2 గంటలకే రాయి, వాచ్ లేకుండా రాయి, ఎందుకంటే హాల్లోకి వాచ్ రానీరు, గోడ గడియారమే దిక్కు.

నిద్ర గురించి ఒక్క ముక్క: 5 గంటలు పడుకుని చదివినోళ్ళ పేపర్లలో 'లె' తప్పులు ఎక్కువుంటాయి, ఇది నేను చూస్తానే ఉన్నా. నిద్ర ఏడు గంటల కంటే తగ్గించొద్దు.

ఇంట్లో వాళ్ళకి

అమ్మా, నాయనా, మీరు కూడా ఇది చదువుతాంటే, ఆదివారం ఫోన్ చేసినప్పుడు మార్కు బదులు "పోయినసారి చేసిన తప్పులు ఈసారి ఎన్ని తగ్గినాయి?" అని అడగండి. పిల్లోడికి జవాబు తెలిసుంటే సరైన దారిలో ఉన్నట్టే. ఇంకో మాట, మార్కులు ఆగిపోయినాయని జనవరిలో హైదరాబాద్‌కో విజయవాడకో మార్పించే ఆలోచన చేయొద్దు, కొత్త హాస్టల్, కొత్త టైమ్‌టేబుల్ అలవాటు పడేసరికే నెల పోతాది.

ఇవన్నీ చేసినా కదలకపోతే

నాలుగైదు వారాలు ఇవ్వు. మొదటి రెండు టెస్టుల్లో స్కోరు కొంచెం తగ్గినా కంగారు పడొద్దు, గెస్సులు మార్చినావు, టైమ్ ఆర్డర్ మార్చినావు, కుదురుకోవడానికి టైమ్ పడతాది. టోటల్ కంటే ముందు లోపలి నంబర్లు కదులుతాయి, 'క'లు 18 నుంచి 13కి, 'లె'లు 9 నుంచి 5కి, ఇది చూడాల. ఐదు వారాల తర్వాత ఆ అక్షరాలు కూడా అట్లనే ఉంటే పోస్ట్‌మార్టం పైపైన చేస్తాండావని అర్థం, మీ సబ్జెక్ట్ సార్‌ దగ్గరికి ఖాళీ డౌట్‌తో కాకుండా ఆ మూడు పేపర్లు, నోట్‌బుక్ పట్టుకుని పో. "ఫిజిక్స్ రావట్లేదు సార్" అంటే ఏ సార్ అయినా "బాగా చదువు" అంటాడు, ఆ పేపర్లు ముందు పెడితే మాత్రం పది నిమిషాల్లో యాడ పోతాందో పట్టుకుంటాడు.

చివరి పది రోజుల్లో కొత్త మెటీరియల్ ఏదీ తెరవొద్దు, వాట్సాప్‌లో వచ్చే "100 షూర్ షాట్ ప్రశ్నలు" పీడీఎఫ్‌లు అస్సలు తెరవొద్దు. జంటల పట్టిక, తప్పుల నోట్‌బుక్, ఎన్‌సీఈఆర్‌టీ బొమ్మలు. ఆఖరి మాక్ పరీక్షకి మూడు నాలుగు రోజుల ముందు అయిపోవాల. పరీక్ష రోజు పొద్దున ఉగ్గాని తిను, పక్కన మిరపకాయ బజ్జీ మాత్రం ఆ ఒక్కరోజుకి వదిలేయి, మధ్యాహ్నం పెరుగన్నం చాలు. గేటు 1.30కి మూసేస్తారు, సెంటర్ ఊరి బయట పడితే ఆటో దొరకడమే కష్టం, కాబట్టి ముందు రోజే పోయి దారి చూసి రా. పెన్ను వాళ్ళే ఇస్తారు.